మిగిలిన గుర్రాలు చాలు

నా పాత కారు లాగడం లేదని మా బావ ఒకటే ఎగతాళి. ఈ రోజు ఆయన్ని వెంటబెట్టుకుని హోసూరు వెళ్లి, చక్రాలకు అందే బలం కొలిచే రోలర్ల మీదికి కారు ఎక్కించాను. ఇంజిన్‌ది వంద హార్స్‌పవర్, చక్రాల దగ్గర ఎనభై ఐదే తేలింది. బావ పకపకా నవ్వాడు.

"తక్కిన పదిహేను గుర్రాలు యాడ పోయినాయమ్మా? నిన్ను మోసం చేసినారు. అమ్మి పారెయ్."

"ఏ కారులోనైనా గేర్‌బాక్సు కొంచెం తింటుంది బావా. రాయకోటలో నువ్వు లోడెత్తిన టమాటాలన్నీ నలక్కుండా మార్కెట్‌కు చేరతాయా? అట్లని తోట పెట్టేది మానినావా?"

తిరిగి వచ్చేటప్పుడు బావ ఎరువు మూటలు కొని నా కారులోనే వేయించాడు. ఆయన కొత్త కారు మాసిపోతుందట!

రాయకోట దాకా వాటిని మోసింది ఆ మిగిలిన ఎనభై ఐదు గుర్రాలే. ఈ కారును నేను అమ్మేది లేదు. బండిని వెక్కిరించి, మళ్లీ దాని మీదికే బరువెత్తే బావలు మీకూ ఉన్నారా?