లంకకే పోదాం అన్నాను

మామిడికాయలు తోలడానికి మా అబ్బాయి ఒక పాత వ్యాను కొన్నాడు. సీజనంతా అది నూజివీడుకూ విస్సన్నపేటకూ తిరుగుతూనే ఉండేది. మృగశిర దాటి తోటలు ఖాళీ అయ్యాక వాకిట్లో ఊరికే పడి ఉండేది. ఆ ఏడు వాడికొక కోరిక పుట్టింది. ఉత్తరాది యాత్రికులు బెజవాడ రోడ్డు పక్కన బస్సు ఆపుకుని, అందులోనే వండుకుని, అందులోనే పడుకోవడం చూశాడట. మనమూ అలాగే సముద్రం దగ్గర ఏదైనా లంకలో నాలుగు రోజులు ఉండి వద్దామన్నాడు. వాడి మాట పూర్తి కాకముందే మనవలిద్దరూ వ్యానెక్కి కూర్చున్నారు.

నేను చదివింది రెండో తరగతి. దండగ ఖర్చు అంటే నాకు గిట్టదని ఊరంతటికీ తెలుసు. అయినా వద్దనలేదు. వ్యాను మాదే, బియ్యం మావే, సత్రానికి ఇచ్చేది ఏమీ లేదు. వేసవంతా తోటలో పాక వేసుకుని కాపలా పడుకునేవాళ్ళకి వ్యానులో పడుకోవడం ఒక కష్టమా? ఎక్కడికి వెళ్ళాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

మా పక్కిల్లు బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. ఆయన పెరట్లోని బావి నీళ్ళే రెండిళ్ళవాళ్ళమూ తాగేది. అందుకని మా ఇంట్లో ఏం జరగాలన్నా ఆయన సరే అనాలి. ఆ సాయంత్రం మా వాకిట్లో మంచం మీద కూర్చుని ఆయన తేల్చేశారు.

"కొల్లేటికోట వెళ్ళండి. చుట్టూ నీళ్ళే, అదీ లంకే. అమ్మవారి దర్శనం కూడా అవుతుంది."

"సముద్రం అంటే కొల్లేరు చూపిస్తావేంటి పెదనాన్నా?" అన్నాడు మావాడు. "అంతర్వేది పోదాం. గుడీ ఉంది, సముద్రమూ ఉంది."

"అంత దూరమా? ఆ టైర్లు చూశావట్రా? నా గుండు కంటే నున్నగా ఉన్నాయి."

నేను గుమ్మంలోంచి అన్నాను. "నాగాయలంక అవతల లంకకి పోదాం."

ఎందుకంటున్నానో అందరికీ తెలుసు.

ఉప్పెన వచ్చి దివిసీమ ఊళ్ళు కొట్టుకుపోయాక, ఆ లంక నుంచి కొందరు మా తోటలకు కూలికి రావడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకావిడ చేపలు పట్టే ఇంటి మనిషి. మొగుణ్ణీ పిల్లల్నీ నీళ్ళకిచ్చి ముసలి తల్లితో మిగిలింది. కాయ నేల మీద పడి పగలకుండా కోత గడ చివర వలసంచి కడతాం, దాన్ని చిక్కం అంటాం. ఆవిడ అల్లిన చిక్కంలో పడిన కాయకి చిన్న గీత కూడా పడేది కాదు. మా పాక పక్కనే పాక వేసుకునేది. నా పొయ్యి మీద ఉడికిందే తినేది. నన్ను వదినా అని పిలిచేది. ఆ ఏడు వెళ్ళేటప్పుడు మూట నెత్తికెత్తుకుని ఒక మాట అంది.

"ఇన్నేళ్ళూ నీ చేతి కూడు తిన్నాను వదినా. నువ్వొచ్చి నా ఇంట్లో ఒక ముద్ద తిను. లేదంటే వచ్చే ఏడు నేను రాను. అడుక్కుతిన్నట్టుంది నాకు."

వస్తానన్నాను. అన్నాక వెళ్ళాలి.

"శవాలు తేలిన చోటు," అన్నారు బావగారు. "పసిపిల్లల్ని అక్కడికి తీసుకెళ్తావా?"

"మనుషులు బతుకుతున్న చోటు కూడానండి. వాళ్ళు రోజూ ఉంటున్నారు. మనం నాలుగు రోజులు ఉండలేమా?"

"సరే, చూసి రా. ఆ చేపలోళ్ళింట్లో మాత్రం అన్నానికి చెయ్యి కడగొద్దు."

"చెయ్యి కడగడానికేనండి నేను వెళ్ళేది."

మా ఆయన మధ్యలో కలగజేసుకున్నారు. "వంట మనమే చేసుకుందామే. ఆవిణ్ణే వ్యాను దగ్గరికి పిలిచి పెడదాం. గొడవుండదు."

"ఇన్నేళ్ళూ పెట్టింది మనమే కదండీ. మళ్ళీ మనమే పెట్టడానికి ఇంత డీజిలు దేనికి?"

బావగారు లేచి కండువా దులుపుకున్నారు. "అక్కడ తిని వస్తే నా బావిలో చేద వెయ్యొద్దు. ముందే చెబుతున్నా."

నేను కోడలి వంక చూశాను. నీళ్ళు తెచ్చేది తనే.

"బిందె మోసేది నేనే కదా అత్తయ్యా," అంది. "ఎంత దూరం నుంచైనా మోస్తాలెండి."

"అయితే లంకకే," అన్నాను.

వ్యానులో గడ్డి పరిచి, పైన బొంతలు వేసి, టార్పాలిన్ కట్టాం. కిరసనాయిలు పొయ్యి, బిందెలు, ఆవకాయ జాడీ సర్దాను. ఆఖరి కోతలో గడ్డిలో దాచిన చిన్నరసాలు ఆవిడ కోసం ఒక బుట్ట తీశాను, మచ్చ లేనివి. ఇంట్లో మేం తినేది రాలిన కాయలూ దెబ్బ తగిలిన కాయలే, మంచివి అమ్మడానికి. దారిలో మనవడు బుట్టలో చెయ్యి పెడితే వేళ్ళ మీద ఒక్కటేశాను. అవనిగడ్డ దాటి, నాగాయలంక దాటి, రెండు పడవల మీద బల్లలు బిగించిన పంటు ఎక్కించి వ్యానును ఏరు దాటించాం.

మేం మెట్ట మనుషులం. నీళ్ళంటే మాకు చెరువే, అది ఉన్నచోటే ఉంటుంది. మావాడు ఇసుక గట్టిగా, చదునుగా ఉందని చూసి నీళ్ళ అంచునే వ్యాను ఆపాడు. మనవణ్ణి పంపి ఆవిడకి కబురు పెట్టి, ఈలోగా పిల్లల ఆకలికని నేను పొయ్యి మీద ఎసరు పెట్టాను. బియ్యం సగం ఉడికేసరికి నీళ్ళు చక్రాల్ని పట్టుకున్నాయి.

"ఉప్పెన!" అని మా ఆయన కేకేసి మనవరాల్ని ఎత్తుకుని పరుగెత్తారు. నేనూ ఉప్పెనే అనుకున్నాను. కానీ గిన్నె వదల్లేదు. చెంగుతో పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నడిచి గట్టుకొచ్చాను.

ఎదురుగా ఆవిడ. నవ్వలేక పొట్ట పట్టుకుంది.

"పోటు వదినా! రోజూ వస్తుంది, పోతుంది. దాని దోవలో బండి పెట్టుకుంటారా ఎవరైనా?" అని, మా ఆయన వైపు తిరిగి, "మామిడిచెట్టు కింద అనుకున్నావా అన్నయ్యా?" అంది.

తన వాళ్ళని కేకేసింది. వల లాగే మోకు తెచ్చి వ్యానుకి కట్టి, హైలెస్సా అంటూ మెరకకి లాగేశారు.

"ఆ గిన్నె అక్కడ పారబోసి లోపలికి రా," అంది నాతో.

"బియ్యం పారబోయడమేంటి? నీ పొయ్యి మీద పెట్టు. రేపు పిల్లలకి చద్దన్నం అవుతుంది. ఇప్పుడు తినేది నీదే."

ఉప్పెన తర్వాత కట్టుకున్న ఒంటిగది ఇల్లు. చాప పరిచి కంచాలు పెట్టింది. చేపల పులుసు, కుప్పగా పోసిన రొయ్యల వేపుడు. మా ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డారు, లోపల అన్నగారే కూర్చున్నట్టు. నేను కూర్చుని చెయ్యి కడిగాను. ముద్ద కలుపుతుంటే ఆవిడ కళ్ళు నా చేతి మీదే ఉన్నాయి. తిన్నాను.

"ఉప్పు చాలిందా?"

"చాలింది. కారమే ఎక్కువైంది."

"నీ ఆవకాయ కంటేనా?"

అప్పుడు మా ఆయన వచ్చి నా పక్కన చతికిలపడి, పులుసు ఇటు పొయ్యమన్నారు.

తిరిగొచ్చేసరికి బావగారు వాకిట్లోనే ఉన్నారు. పిల్లల వంక కూడా చూడలేదు.

"తిన్నావా?"

"తిన్నానండి. మారు కూడా వడ్డించుకున్నాను."

ఆయన అన్నంత పనీ చేశారు. ఆ పూటే చేద తీసి లోపల పెట్టించారు. మా ఆయన వెళ్ళి బతిమాలతానంటే నేను వెళ్ళనివ్వలేదు. వీధి చివర బోరింగు ఉంది. కోడలు రెండు బిందెలు తెస్తే నేనొకటి తెచ్చేదాన్ని. ఒక్క పూట భోజనానికి ఎంత తిప్పలు తెచ్చుకున్నావమ్మా అని బోరింగు దగ్గర ఒకామె జాలిపడింది. నీ బిందె నిండింది, తియ్యి, అన్నాను.

మళ్ళీ వేసవికి ఆవిడ వచ్చింది, కొత్త చిక్కాలు భుజాన వేసుకుని. సంగతి విని నా బిందె అందుకోబోయింది. ఇవ్వలేదు. ఇంకో బిందె చేతికిచ్చాను. బోరింగుకి అడ్డదారి ఉంది. మేం మాత్రం బావగారి వాకిలి ముందు నుంచే నడిచేవాళ్ళం, ఆయన అరుగు మీద ఉన్న వేళ చూసుకుని, గొంతులు తగ్గించకుండా కబుర్లు చెప్పుకుంటూ.