పళ్ళతో వినే కామాక్షయ్య

మా వీధి కామాక్షయ్య బోటు ఇంజన్లను చెవులతో వినడు, పళ్ళతో వింటాడు. ఇంజను నడుస్తుండగా పొడవాటి స్క్రూడ్రైవరు కొనను దానికి ఆనించి, పిడిని పళ్ళ మధ్య బిగించి కళ్ళు మూసుకుంటాడు. ఆ అదురు దవడలోంచి తలకెక్కి, లోపల ఏ బేరింగు అరిగిందో చెబుతుందట. బోగోలు వైపు తీరంలో ముప్పై ఏళ్ళుగా అతను బతుకుతున్నది ఈ విద్యతోనే. నేనూ ఒకసారి మా మిక్సీ మీద ప్రయత్నించాను. పళ్ళు జివ్వుమన్నాయి తప్ప మిక్సీ నాకేమీ చెప్పలేదు.

అలాంటి మనిషికి మొన్న కార్తీకమాసం రాగానే పళ్ళు కదలసాగాయి. పిడి కొరికితే చిగుళ్ళలోంచి రక్తం. సరిగ్గా అప్పుడే మాల్యాద్రి తన బోటుకు ఒక పాత ఇంజను తెచ్చాడు.

"పున్నమి పోయినాక బోటు దించాలన్నా. నువ్వు విని సరే అంటేనే. నీ పళ్ళు కుదరవంటే చెప్పు, బిట్రగుంట నుంచి ఫ్రెడ్డీని పిలిపిస్తా" అన్నాడు.

ఫ్రెడ్డీ కూడా మెకానిక్కే. డాక్టరు మాదిరి మెడలో చెవిగొట్టం వేసుకుని తిరుగుతాడు. ఆ గొట్టం ఒక్కసారి మా తీరంలో అడుగుపెట్టిందంటే తన పళ్ళను అడిగే దిక్కుండదని కామాక్షయ్యకు దిగులు పట్టుకుంది.

అతని భార్య నాగులమ్మ, నేను కలిసి అతన్ని నర్సు సుభాషిణి దగ్గరికి లాక్కుపోయాము. నేనెందుకంటారా? ఊళ్ళో ఎవరైనా నోరు తెరిచి చూపిస్తుంటే, నేను పక్కన లేకపోతే నాకు అన్నం సయించదు.

"రోజూ ఏం తింటావన్నా?" అని అడిగింది సుభాషిణి.

"అన్నం, ఎండుచేప, టీ."

"బీడీల మాట మింగినావేం?" అంది నాగులమ్మ. "పులుపంటే పారిపోతాడమ్మా. నేను నిమ్మకాయ కోస్తే ఈయన వీధి చివర ఉంటాడు. కీళ్ళు పట్టేస్తాయంట!"

సుభాషిణి లైటు వేసి చిగుళ్ళు చూసింది. నేనూ చూశాను.

"సి విటమిన్ చాల్లేదన్నా. చిగుళ్ళను పట్టి ఉంచే తాళ్ళు పేనాలంటే అది కావాల. ఇంకో పని కూడా చేస్తది. మనం ఊపిరి పీల్చినా, తిన్నది అరిగినా ఒంట్లో కొరికే రేణువులు పుడతాయి. బీడీ పొగకు ఇంకా ఎక్కువ. ఇనుమును తుప్పు తిన్నట్టు అవి ఒంటిని తింటాయి. ఈ విటమిన్ అడ్డం పోయి, ముందు తనే తుప్పు పట్టి, మిగతా ఒంటిని కాపాడతది."

కామాక్షయ్య కుర్చీలోంచి లేచాడు. "ఆగమ్మా! అది మా జింకు బిళ్ళే గదా!"

బోటు అడుగున, నీళ్ళలో తిరిగే ఫ్యాను దగ్గర ఒక జింకు బిళ్ళ బిగిస్తారు. ఉప్పునీళ్ళు ముందు దాన్ని తింటాయి, ఫ్యాను జోలికి పోవు.

"అచ్చం అదే!" అని సుభాషిణి కూడా సంబరపడింది. పడకుండా ఉండాల్సింది. ఎందుకంటే జింకు బిళ్ళను ఒకసారి బిగిస్తే సీజనంతా నిలుస్తుంది.

మర్నాడు పొద్దున్నే కామాక్షయ్య అరుగు మీద కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, సంచెడు ఉసిరికాయలు నమిలేశాడు. "మళ్ళీ ఎండాకాలం వేట నిషేధం దాకా ఈ పీడ లేదు. బిగించేసినా!" అని మీసం తిప్పాడు. మధ్యాహ్నానికి ఇంటికీ మరుగుదొడ్డికీ మధ్య కొత్త కాలిబాట పడింది.

"బిగించిందంతా ఊడిపోతా ఉందమ్మా!" అని నాగులమ్మ ఫోను చేసింది. సుభాషిణి ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగించమంటూ పరుగున వచ్చింది.

"దీన్ని ఒళ్ళు దాచి పెట్టుకోదన్నా. ఎక్కువైంది ఒంటేలులో పోతుంది, మరీ ఎక్కువైతే ఇదిగో, ఇట్లా పోతుంది. రోజూ ఒక జామకాయో, రెండు ఉసిరికాయలో చాలు. నిమ్మరసం కూర దించినాక పిండుకోండి, ఉడికిస్తే సగం చస్తది. బీడీ తాగినావంటే తిన్నదంతా దాని పొగకే ఖర్చు."

"రోజూ బిళ్ళ మార్చాల్నా? ఇదేం ఇంజనమ్మా!" అని మంచం మీదనుంచి మూలిగాడు కామాక్షయ్య.

అయినా మార్చాడు. పొద్దునొక జామకాయ, మజ్జిగలో నిమ్మచెక్క. బీడీలు రెండు కట్టల నుంచి రెండు బీడీలకు దిగాయి. గోడ మీదుగా చూసి నేనే లెక్కపెట్టాను. రెండు వారాలు తిరక్కుండానే రక్తం ఆగింది, పళ్ళు కుదురుకున్నాయి.

పున్నమి మర్నాడు ఇసుకలో పెట్టి ఇంజను స్టార్టు చేశారు. మాల్యాద్రి ఎందుకైనా మంచిదని ఫ్రెడ్డీని కూడా రప్పించాడు. కామాక్షయ్య అతని గొట్టాన్ని ఎగాదిగా చూసి, పిడి కొరికి, కళ్ళు మూసుకున్నాడు.

"లోపల ఏదో చిన్నది వదులైంది. టిక్కు టిక్కుమంటా ఉండాది."

ఫ్రెడ్డీ గొట్టం పెట్టి విన్నాడు. "నాకేం వినపడలేదు పెద్దాయనా."

"నీకెట్లా వినపడతది? రబ్బరు గదా!"

ఇంజను ఆపి మొత్తం విప్పారు. ఇసుకలో పరిచిన పట్టా నిండా నట్లు, బోల్టులు. మూడు గంటలు వెతికినా వదులైంది ఒక్కటీ లేదు. మాల్యాద్రి ఫ్రెడ్డీ వైపు తిరిగాడు. కామాక్షయ్య ముఖం నల్లబడింది, దవడ మాత్రం ఆడిస్తూనే ఉన్నాడు.

"ఏం కామాక్షయ్యా, ఆ టిక్కు ఇంకా ఉండాదా?" అని అడిగాను.

మళ్ళీ పళ్ళు నొక్కి చూసుకున్నాడు. "ఉండాది వదినా."

"ఇంజను ఆపి మూడు గంటలాయె గదయ్యా!"

నా పక్కనున్న నాగులమ్మ గాజుకున్న పిన్నీసు తీసి, మొగుడి నోరు తెరిపించి, వెనక దంతాల సందులోంచి ఒక జామగింజను పైకి లాగింది. ఫ్రెడ్డీ నవ్వాపుకోలేక ఇసుకలో కూలబడ్డాడు.

ఇంజను మళ్ళీ బిగించి స్టార్టు చేశారు. ఈసారి కామాక్షయ్య చాలాసేపు విన్నాడు. "నీళ్ళ పంపు బేరింగు గరగరమంటా ఉండాది. అది మారిస్తే చాలు."

ఫ్రెడ్డీ గొట్టాన్ని పంపు మీద ఆనించాడు. నవ్వు ఆగిపోయింది. రెండోసారి కూడా విని, "నిజమే పెద్దాయనా, నేను కనిపెట్టలేకపోయినా" అన్నాడు.

"ఇంజను నీ పళ్ళకే అప్పజెప్పినానన్నా" అన్నాడు మాల్యాద్రి. "అయితే ఒక షరతు. వినేముందు నోరు పుక్కిలించాల."