మిరపకాయది ఏ పార్టీ?

ఆ రోజుల్లో మా పల్నాడులో ప్రతి రంగుకూ ఒక సొంతదారు ఉండేవాడు. (ఇప్పుడూ ఉన్నారనుకోండి, చెప్పే ధైర్యం నాకు తగ్గింది.) చొక్కా చూసి ఓటు ఎవరికో చెప్పేసే చోట పుట్టి, ఇరవై మూడేళ్లకు గోడకు రంగులు వేయించే ఉద్యోగంలో చేరానంటే నా తెలివి ఏపాటిదో మీరే చూసుకోండి. నరసరావుపేటలో పాత పత్తిమిల్లును బాగుచేయించి ఒక సారు ఆర్ట్ గ్యాలరీ పెట్టారు. దాని రోడ్డువైపు గోడ మీద, వెనక కాలనీ వాళ్లచేత పెద్ద బొమ్మ వేయించడం నా పని. "డిగ్రీ చదివి సున్నాలేసే ఉద్యోగమేందే?" అని రొంపిచెర్ల పిన్ని కనపడిన వాళ్లందరి దగ్గరా బాధపడింది.

కాలనీలో ఆడవాళ్లు ఎక్కువమంది మిరపకోతలకు వెళ్లేవాళ్లే. కూలీల ముఠాను నడిపే ఆవిడను అందరూ ముఠా అత్త అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. మొదటి మీటింగులోనే, ఈ గోడ మీ సొంతం, మీరేం వేస్తే అదే ఉంటుంది అని వాళ్లకు మాటిచ్చేశాను. (ఇమ్మని నాకెవరూ చెప్పలేదు.) నమ్మారు పాపం. చేలోంచి వచ్చి, మొహం కడుక్కుని, నెల రోజులపాటు సాయంత్రాలు వేశారు. పచ్చటి చేను, కల్లంలో ఎండుతున్న ఎర్రటి కాయలు, నీలం నీళ్ల డ్రమ్ము, మధ్యలో పసుపుపచ్చ చీర కట్టుకుని ముఠా అత్త. ఆమె తన ముక్కు మాత్రం మూడుసార్లు దిద్దించుకుంది.

అంతలో ఎన్నికలు దగ్గరపడ్డాయి. బుల్లెట్ మామ అని మేం పిలుచుకునే ఒక నాయకుడు వచ్చి, ఆ నీలం అవతలి పార్టీది, తీసెయ్యమన్నాడు. మర్నాడు అవతలి పార్టీ కళ్లజోడు బాబాయి వచ్చి చీర పసుపేందని నిలదీశాడు. ఎరుపుకూ పచ్చకూ కూడా ఎవరో ఒకరు అడ్డం పడ్డారు. చివరికి ఎవరికీ పట్టని రంగులు నలుపు, బూడిద మిగిలాయి. సారు కొత్తగా బిగించిన కిటికీ అద్దాల వంక దిగులుగా చూసి, పొద్దున్నే గోడంతా సున్నం కొట్టించెయ్యమని నాతో చెప్పారు.

పొద్దున్నే సున్నం తాత బకెట్టుతో దిగాడు. నేను ముఠా అత్తకు ఫోన్ చేసి, ఆవిడ చేలోంచి వచ్చేదాకా ఏం చెయ్యాలో తోచక, వెళ్లి గోడకు ఆనుకుని నిలబడ్డాను. రాత్రి దిద్దిన రంగు ఇంకా ఆరలేదని వీపుకు చల్లగా తగిలాకే తెలిసింది. అయినా కదల్లేదు. సారు వచ్చి ఉద్యోగం కావాలా వద్దా అని అడిగారు. "కావాలి సార్. గోడ కూడా కావాలి" అన్నాను. కాళ్లు వణుకుతున్నాయి, అదృష్టం కొద్దీ ఆ రోజు చుడీదార్ వదులుది.

గంటకు ముఠా మొత్తం రెండు ఆటోల్లో దిగింది. కబురు తెలిసి నాయకులిద్దరూ వచ్చారు. ముఠా అత్త కొంగు బిగించి వాళ్ల ముందు నిలబడింది.

"మిరపకాయ ఎర్రగా కాక బూడిద రంగులో కాస్తదా? మా చేలో ఉన్నయ్యే ఏశాం. గోడ మీద మమ్మల్ని తుడిపేసి, రేపు ఏ మొహం పెట్టుకుని మా ఈధికొస్తారు ఓట్లకి? ఇద్దర్లో ఎవరు తుడపమన్నారో ఇప్పుడే చెప్పండి."

బుల్లెట్ మామ కళ్లజోడు బాబాయిని చూపించాడు. కళ్లజోడు బాబాయి బుల్లెట్ మామను చూపించాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి సారును చూపించారు. (వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటం నేను చూసింది అప్పుడొక్కసారే.) సున్నం తాత బకెట్టు పట్టుకుని టీ తాగడానికి వెళ్లిపోయాడు. గోడ మిగిలింది. నా ఉద్యోగం కూడా, ఎలాగో, మిగిలింది.

ఆ సాయంత్రం బస్సులో నా వీపు మీద నాలుగు రంగులూ చూసి ఎవరూ నాతో రాజకీయాలు మాట్లాడలేదు. ఇంటికెళ్లాక పిన్ని మాత్రం "ఎవరితో పొత్తే?" అని అడిగింది.

ఇప్పుడు నేను వేరే ఊళ్లో, పెద్ద ఆఫీసులో ఉన్నాను. నా బల్ల మీదికి వచ్చే ఫైళ్ల మీద రోజూ "అభ్యంతరం లేదు" అని రాసి సంతకం పెడుతుంటాను. మొన్న ఒకదానికి నిజంగానే అభ్యంతరం ఉంది. అయినా అదే రాశాను. రాశాక ఆ చుడీదార్ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. ఫైలు ఇంకా గుమ్మం దాటలేదు. అటెండర్‌ను కేకేసి వెనక్కి తెప్పించి, "లేదు" కొట్టేసి "ఉంది" అని రాశాను. కాళ్లు ఇప్పుడూ వణికాయి.