ఏటికిచ్చిన పూస

ఐర్లండ్‌లోని విక్లో కొండల్లో ఒకప్పుడు బంగారం తవ్విన చిన్న ఊరు ఉంది. సిటీవెస్ట్‌లోని మా ఇంటినుంచి కారులో గంట దారి. మావారి ఆపరేషన్ బాగా జరిగితే ఆ ఊరి ఏటికి బంగారం సమర్పిస్తానని మొక్కుకున్నాను. నదులన్నీ తల్లులే అయినప్పుడు ఐర్లండ్ ఏరు మాత్రం కాకుండా ఎలా పోతుంది? ఆయన కోలుకున్నాక వెళ్ళి, పసుపు కుంకుమలతో పాటు నా పాత గొలుసులోని పూసనొకదాన్ని నీటిలో విడిచాను.

వేసవిలో ఆ ఊరివాళ్ళు సందర్శకుల కోసం పండుగ చేస్తుంటే మళ్ళీ వెళ్ళాం. పాత బడిగదిలో గని పనిముట్లు, ఫొటోలు పెట్టారు. మధ్యనున్న అద్దాల పెట్టెలో, నల్లని మఖమల్ గుడ్డమీద నా పూస. మా అమ్మాయి పసితనంలో కొరికిన గాటుతో సహా. పక్కన కార్డు: ‘మన ఏటిలో దొరికిన పాతకాలపు బంగారం.’

వంగి ఆ గాటును మరోసారి చూశాను.

పిల్లలకు ఏటి ఇసుక గాలించడం నేర్పే పెద్దాయనకు దొరికిందట. ముప్పై ఏళ్ళలో ఇదే మొదటిసారని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు.

“చెప్పకే,” అన్నారు మావారు చెవిలో. “ముసలాయన ముచ్చట పాడుచెయ్యకు.”

“ఆదివారం సత్సంగంలో సత్యం గురించి చదివి వినిపించేది నేనేనండీ.”

“ఇవాళ శనివారం.”

అయినా ఆ పెద్దాయనకు చెప్పాను. ఆయన బాధపడతారనుకున్నాను. కాని ముఖంలో నెత్తురు లేకుండా అయిపోయింది.

“మొక్కు తీర్చుకున్నదా?” అన్నారు. “మా ఊళ్ళో పవిత్రమైన బావి పక్క చెట్టుకు జబ్బుమనుషులు గుడ్డపీలికలు కడతారు. వాటిని ముడితే ఆ జబ్బు మనకొస్తుందని మా అమ్మ కొట్టేది. నేనేమో దేవుడి సొమ్ము జేబులో వేసుకొచ్చాను.”

పెట్టె తెరిచి పూస నాకివ్వబోయారు. చేతులు వెనక్కి తీసుకున్నాను. ఇచ్చినదాన్ని తిరిగి పుచ్చుకోవడం దత్తాపహారం, మహాపాపం.

ఆయన మావారివైపు చూశారు. “ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది?”

“గ్రాండ్,” అన్నారు మావారు, బాగుందనడానికి ఇక్కడివాళ్ళ మాటలో.

“ఇంకేం, ఇది ఆ నీటిదే.”

ముగ్గురం ఏటికి నడిచాం. ఆయన టోపీ తీసి, మోకాలి లోతు దిగి, నేను చూపించిన చోటే పూసను వదిలారు.

తిరిగొచ్చేసరికి ఖాళీ పెట్టె చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు.

“బంగారం ఏది?”

“ఏట్లో ఉంది,” అన్నారాయన, కార్డు తీసి జేబులో పెట్టుకుంటూ.