కింద పరిచిన బొంత

మా ఇంటికి వచ్చినవాళ్లు ముందు గదిలో ఒకదాని మీద ఒకటి పరిచిన తివాచీలను మెచ్చుకుంటారు. రోజూ పొద్దున్నే వాటన్నిటినీ ఎత్తి, దులిపి, నేల తుడిచి, మళ్లీ పరుస్తానని తెలిస్తే మాత్రం నవ్వుతారు. సిమెంటు నేలకు ఇంత చాకిరీ ఎందుకని అడుగుతారు. దానికి జవాబు తెలిసిన ముగ్గురిలో అమ్మా, పక్కింటి చాచీ ఇప్పుడు లేరు. నేను కూడా రాయకుండా పోతే మా అక్క కట్టుకున్న చీరలు ఏ రంగువో చెప్పేవాళ్లే ఉండరు. అందుకని రాస్తున్నాను.

ఎనభైల్లో మేము మహారాష్ట్ర అంచున, ప్రాణహిత నది ఒడ్డున ఉన్న సిరోంచలో ఉండేవాళ్లం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఏటి ఒడ్డున ఉన్న కొద్దిపాటి పొలంలో వరి వేసేది. అక్కను భామ్రాగడ్ దిక్కు ఊరికి ఇచ్చాం. పెళ్లయిన రెండో వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. వాగులు పొంగి దారి తెగిపోయింది. నీళ్లు తీశాక మా దాకా వచ్చింది మనిషి కాదు, చీరల మూట.

పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచవద్దని చుట్టాలంతా అన్నారు. ప్రాణహితలో విడవమన్నారు. అమ్మ విడవలేదు. ఆ చీరలను పొరలుగా పేర్చి బొంత కుట్టింది. మామిడి చిగురు రంగుది ఒకటి, నేరేడు రంగుది ఒకటి, నీలం అంచు తెల్లది, పసుపు మీద ఎర్ర చుక్కలది. ఈ చుక్కల చీరను అక్క అహేరి బజారులో తానే ఏరుకుంది. అమ్మ కుట్లు వరి నాటిన సాళ్లలా తిన్నగా ఉండేవి. ఆ బొంతను ఎవరూ కప్పుకోలేదు. అది దండెం మీద ఉండేది, అమ్మ దాని కింద కూర్చునేది. ఇంటికి ఎవరైనా వస్తే లోపలికి పోయేది. క్రమంగా జనం రావడం మానేశారు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. కానీ ఊళ్లోని గ్రంథాలయంలో రెండు అలమారాల మరాఠీ పుస్తకాలు వరసగా చదివేశాను. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేదాన్ని. అక్కడే ఒక పాత పత్రికలో ఇంటి అలంకరణ గురించి వ్యాసం కనిపించింది. అడుగున మెత్తనిది వేయాలి, దాని మీద పెద్ద తివాచీ, ఆపైన చిన్నది, కింది దాని అంచు కనపడేలా పరవాలి. జారకుండా మూలలు కలిపి కుట్టాలి. బొమ్మ చూస్తే ఆ గదిలో ఎవరైనా కూర్చుని మాట్లాడాలనిపించేటట్టు ఉంది. మా గది అట్లా ఉంటే మనుషులు వస్తారు, అమ్మ మాట్లాడుతుంది అనుకున్నాను.

మాకు తివాచీలు లేవు. ఈతచాప, గొంగడి ఉన్నాయి. పెద్ద జంపఖానా కోసం చాచీ దగ్గరికి పోయాను. వాళ్లది బట్టల దుకాణం.

“ఏందే పంతులమ్మా, కలెక్టరు గిట్ల వస్తుండా మీ ఇంటికి?” అంది చాచీ.

“నువ్వే వస్తవు చాచీ, కూసోనీకి.”

“వస్త గని, రోజు పొద్దుగాల ఎత్తి దులుపాలె. మనది మట్టి నేల బిడ్డా, దానికి జర గాలి తగలాలె.”

“ఎత్తద్దని పుస్తకంల ఉన్నది చాచీ. మూలలు కుట్టాలంట.”

“ఆ పుస్తకం రాసినామె నేల అలికిందా ఎన్నడన్న?” అని నవ్వుతూనే జంపఖానా ఇచ్చింది.

అడుగున మెత్తనిది కావాలి. అమ్మను దండెం మీది బొంత అడిగాను. “దుమ్ము పడుతున్నదమ్మా. కింద ఉంటే భద్రంగ ఉంటది. నువ్వు దాని మీదనే కూసోవచ్చు” అన్నాను. “పైలం, మంచిగ చూస్కో” అని అమ్మ తానే దించి ఇచ్చింది.

చాప, బొంత, జంపఖానా, మీద మడిచిన గొంగడి. నాలుగు మూలలూ దబ్బనంతో కుట్టేశాను. చాచీ వచ్చింది. ఆమె వెంట ఇంకొకరు వచ్చారు. అమ్మ ఎప్పుడూ ఒకే మూల కూర్చునేది, అరచేత్తో జంపఖానాను నిమురుతూ. ఒకరోజు చాచీ ఏదో అంటే నవ్వింది కూడా. అక్క పోయాక అది మొదటిసారి. గొప్ప పని చేశానని మురిసిపోయాను.

మా ఇంట్లో ప్రతి శుక్రవారం పేడతో నేల అలికేవాళ్లం. అవి పరిచిన చోటు మాత్రం వదిలేసి చుట్టూ అలుకుదామన్నాను. అమ్మ నా మాట విన్నది. వానలు పడ్డాయి, ప్రాణహిత పొంగింది, గోడలు చెమర్చాయి. పైన అంతా కొత్తగానే ఉంది.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున ముక్కిన వాసన వచ్చింది. మూలల కుట్లు తెంపాను. జంపఖానా ఎత్తితే అడుగున అంతా మట్టి పుట్టలు. చెదలు చాపను తిని, బొంత పొరల్లోకి ఎక్కాయి. పట్టుకుంటే చేతిలో పొడి అయింది. చుక్కల చీర ముక్క ఒక్కటి, అరచేతి అంత, మిగిలింది.

నేను ఏడుస్తుంటే అమ్మ వచ్చి నిలబడింది. “జంపఖానా చాచీది. దులిపి ఎండెయ్యి. పరాయి సొమ్ము” అంది ముందు. తర్వాత కింద కూర్చుంది. “నేను రోజు దాని మీదనే కూసున్న. కింద ఏమైతున్నదో తెల్వలే” అంది. అక్క జ్వరంలో ఉన్న రోజుల్లో మేము ఇక్కడ నాట్లు వేస్తూ ఉన్నాం. అమ్మ చెబుతున్నది దేని గురించో అడగలేకపోయాను.

ఆ సాయంత్రం మిగిలిందంతా పాత గుడ్డలో మూటగట్టింది. ముక్క ఒక్కటైనా ఉంచుకుందామన్నాను. “ఆళ్లు ఇడువుమన్ననాడు ఇడువలే. ఇగ ఇడుస్త” అంది. పడవలో నడి ఏటికి పోయి విడిచింది.

పేర్లు రాయడం మా ఇంట్లో అలవాటు లేదు. వరసతోనే తలుచుకుంటాను. ఈ రాసింది వీళ్లకు. మరకలు పడ్డ జంపఖానా తీసుకుని, ‘నేను చెప్పలేదా’ అని ఒక్కసారి కూడా అనని చాచీకి. మూట చూసి ఏమీ అడగకుండా తెడ్డు వేసిన పడవ తాతకు. నాకు ఏ పుస్తకమూ కాదనని గ్రంథాలయం సారుకు. ఆ వారమంతా నేను గడప దాటకపోతే, పేడ చేతులతో, బొంత పరిచి ఉన్న ఆ చదరం నేలను అలుకుతూ, “పోవా ఇయ్యాల? పుస్తకం ఇచ్చి ఇంకోటి తెచ్చుకోపో” అన్న అమ్మకు.