స్తంభం కింద ముత్తక్క

ముత్తక్క పోలీసుల మనిషని, అడవి సంగతులు వాళ్ళ చెవిన వేస్తుందని భద్రాచలం బస్సులు ఆగే సెంటర్లో చెప్పుకుంటారు. లేకపోతే రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్ళను లేపే పోలీసు జీపు వచ్చి పోయాక అందరి జాగాలూ ఖాళీ అయినా, ఆమె ఒక్కతే కరెంటు స్తంభం కింద ఎట్లా మిగులుతుంది? చూస్తే బక్కమనిషి. మోకాలి మీద అడ్డాకు పరుచుకుని, పళ్ళ మధ్య వెదురు పుల్ల పట్టుకుని, తలెత్తకుండా విస్తర్లు కుడుతుంది. బేరమొస్తే గడ్డంతో గంప చూపిస్తుంది. పెళ్ళికైనా దినానికైనా విస్తర్లు కావాల్సినవాళ్ళు బస్సు దిగి ఆ స్తంభం దగ్గరికే వస్తారు. ఆ జాగా పోతే ఆమె బేరం పోయినట్టే. మొన్న జీపు హారన్ వినగానే జామకాయలమ్మే పుష్పలత కూడా అందరితోపాటు లేచింది గానీ, చెప్పు తెగి స్తంభం వెనకే కూలబడింది.

"లేవే ముసల్దానా! రోడ్డు నీ అయ్యదా?" అన్నాడు కానిస్టేబుల్.

"మా అయ్యదైతే నిన్ను నిలవడనిస్తనా సారూ?" అంది ముత్తక్క, పుల్ల పళ్ళ మధ్యనే ఉంచుకుని. "నువ్వు చాయ్ తాగే బండి నాకంటే రోడ్డు మీదికుంది. ముందుగాల దాన్ని లేపు. దాని ఎన్క నేను లేస్త."

చాయ్ బండి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. కానిస్టేబుల్ అటు చూడకుండా గంపను బూటుకాలితో తన్నాడు. రోడ్డున పడ్డ విస్తర్ల మీదుగా లారీ పోయింది. జీపు కదిలాక ముత్తక్క చిరగనివాటిని ఏరి, దులిపి, గంపలో పేర్చి, అక్కడే కూర్చుని ఇంకో ఆకు అందుకుంది.

"రోజూ గిట్లనే తంతరా అక్కా?" అంది పుష్పలత.

"అవ్."

జీపు వచ్చిన ప్రతిసారీ ఆ గంప దొర్లుతూనే ఉంది. ముందే ఉరికినవాళ్ళెవరూ అది చూడలేదు.