అడ్డం పెట్టని చెయ్యి

నిన్న మా ఇంట్లో పరమాన్నం వండారు. బరువు తగ్గాలని ఆపరేషన్‌తో పొట్ట చిన్నది చేయించుకున్న మా మనవరాలు, చిన్న గిన్నెలో నాలుగు చెంచాల పెరుగన్నం అరగంటసేపు నమిలి, ఇక చాలంది. ఒక్క చెంచాడు పరమాన్నమేనే తల్లీ అంటూ నేను గరిటె వంచబోతే గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు నాన్నమ్మా, తీపి తింటే పడిపోతాను" అని నవ్వేసింది. ఇంట్లో అందరూ దాని నడుము చూసి మురిసిపోతున్నారు గానీ, ఆ చెయ్యి చూడగానే నాకు మా ఆయన గుర్తొచ్చాడు.

తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి రాయచూరు జిల్లాలో పొలాలు కొని, క్యాంపు అని కొత్త ఊరే కట్టుకున్నవాళ్లం మేము. ఊడ్పుల రోజుల్లో ఆయన భోజనానికి కూర్చుంటే వడ్డించలేక నా చెయ్యి నొప్పి పుట్టేదంటే నా ఈడువాళ్లే నమ్ముతారు. అలాంటి మనిషికి కడుపులో పుండు పడి, ఆపరేషన్ చేసి పొట్ట సగానికి పైగా తీసేశారు. గుప్పెడు చొప్పున రోజుకు ఆరుసార్లు పెట్టమనీ, తీపి అసలే వద్దనీ ఆసుపత్రిలో మరీ మరీ చెప్పారు. నేను వింటేగా!

ఆకలి ఎలా ఉంటుందో మర్చిపోయానే అనేవాడాయన. ఆయన తిన్న కంచంలోనే తినే అలవాటు నాది. ఆయన రెండు ముద్దలకే లేస్తే నాకు మాత్రం ఎలా దిగుతుంది? నేనూ చిక్కిపోయాను. అది కనిపెట్టి కాబోలు, పొలంలోనే తింటానని క్యారేజీ పట్టుకెళ్లి, రోజూ ఖాళీది తెచ్చేవాడు. నేను పొంగిపోయి కడుపునిండా తినేదాన్ని. నెల్లాళ్ల తర్వాత, కలుపుకు వచ్చే కల్లూరు ఆవిడ చెప్పింది: "ఏందమ్మా, మీ అయ్య బువ్వంత ఎద్దుల ముంగట పెడుతుండు!"

నన్ను ఇంత మోసం చేస్తాడా అని ఒళ్లు మండిపోయింది. మర్నాడు పరమాన్నం వండి నేనే పొలానికి తీసుకెళ్లి, ఎదురుగా కూర్చుని, అంతా తింటే గానీ కదలనని మొండికేశాను. ఆయన నా ముఖం వంక చూసి గిన్నె ఖాళీ చేశాడు. కాసేపటికే ఒళ్లంతా చెమటలు, గుండెదడ. గట్టు మీద పడి వణుకుతున్న మనిషిని పట్టుకుని నేనెంత ఏడ్చానో!

తేరుకున్నాక మళ్లీ నా ఎదుట భోజనానికి కూర్చోలేదు. గూట్లో గిన్నె పెట్టి నేను అవతలికి వెళితే, వచ్చి తినేవాడు. ఆయన పోయేదాకా, పదకొండేళ్లు, ఒకే ఇంట్లో ఉండి విడివిడిగా తిన్నాం.

ఈ కాలం పిల్లలు వద్దనుకుంటే వద్దంటారు, పెట్టేవాళ్లూ నొచ్చుకోరు. మా రోజుల్లో వడ్డించే చేతిని కాదనడం తెలియదు. ఆ రోజు గట్టు మీద ఆయన కూడా చెయ్యి అడ్డం పెట్టి ఉంటే, నాలుగు తిట్లు తిట్టేదాన్నేమో గానీ, ఆయన తిన్న కంచం నాకు దక్కేది.